98 శాతం దగ్గర ఆగిపోయే వీఎం: లైవ్ మైగ్రేషన్‌లో లోపల ఏం జరుగుతుంది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఆఫీసులో రెండు కేవీఎం సర్వర్లు (ఒకే మెషీన్ మీద చాలా వీఎంలను, అంటే వర్చువల్ మెషీన్లను, నడిపించే లినక్స్ సర్వర్లు) ఉన్నాయి, ఒకటి పాతది, ఒకటి కొత్తది. వీఎంల డిస్కులన్నీ ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీదుగా రెండు సర్వర్లూ పంచుకునే నిల్వ) మీద ఉన్నాయి. నెట్‌వర్క్ అంతా 1 గిగాబిట్. పాత సర్వర్‌లో ఒక ర్యామ్ స్టిక్ ఈసీసీ ఎర్రర్లు (మెమరీ తప్పులు) చూపిస్తోంది కాబట్టి దాన్ని మార్చాలి, ఈలోగా అందులోని 14 వీఎంలను ఆపకుండా కొత్త సర్వర్‌కు తరలించాలి, లైవ్ మైగ్రేషన్ అంటే అదే. 13 వీఎంలు చక్కగా వెళ్లాయి. 64 జీబీ ర్యామ్ ఉన్న పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్) వీఎం మాత్రం 95 శాతానికీ 98 శాతానికీ మధ్య ముప్పావు గంట ఊగిసలాడింది. ఈలోపు సాఫ్ట్‌వేర్ నెమ్మదిగా ఉందని యూజర్లు ఫోన్ల మీద ఫోన్లు. చివరికి మీరే రద్దు చేశారు. ఇప్పుడు అది పూర్తి కావాలంటే ఏ ఆప్షన్ పెట్టాలి?

దీనికి జవాబు చెప్పే ముందు ఒక అర్జెంటు పని ఉంది. చదవడం ఆపి ముందు అది చూడండి. మీరు రాసిన కమాండ్‌లో లైవ్ అనే ఆప్షన్ ఒక్కటే ఉంది, పెర్సిస్టెంట్, అన్‌డిఫైన్‌సోర్స్ అనే రెండూ లేవు. అంటే వెళ్లిపోయిన ఆ 13 వీఎంల నిర్వచనాలు (సెట్టింగుల ఫైళ్లు) పాత సర్వర్‌లో ఇంకా అలాగే ఉన్నాయి, 'షట్ ఆఫ్' అని చూపిస్తూ. కొత్త సర్వర్‌లో అవి తాత్కాలిక వీఎంలుగా నడుస్తున్నాయి, ఒకసారి షట్‌డౌన్ అయితే అక్కడి జాబితాలోంచి మాయమైపోతాయి. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి. పాత సర్వర్‌లో వాటికి ఆటోస్టార్ట్ ఉందనుకోండి, మీరు ర్యామ్ మార్చి పవర్ బటన్ నొక్కగానే అవి అక్కడ కూడా లేస్తాయి. ఒకే డిస్కు ఇమేజ్ మీద రెండు వీఎంలు రాయడం మొదలుపెడితే ఫైల్‌సిస్టమ్ నిమిషాల్లో పాడవుతుంది. క్యూఎముకు (ఒక్కో వీఎంను నడిపే ప్రోగ్రామ్) ఇమేజ్ లాక్ అనేది ఒకటి ఉంది, అది ఆపవచ్చు. కానీ ఎన్‌ఎఫ్‌ఎస్ మీద లాకులు ఎలా పని చేస్తాయో మీ మౌంట్ సెట్టింగుల మీద ఆధారపడుతుంది, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. ఇప్పుడే కొత్త సర్వర్‌లో ఒక్కో వీఎంకు డంప్ఎక్స్ఎంఎల్ (సెట్టింగులను ఫైలుగా రాసిచ్చే కమాండ్) తీసి, అదే ఫైలుతో డిఫైన్ చేయండి. అది పక్కా అయ్యాక పాత సర్వర్‌లో ఆ 13 నిర్వచనాలూ తీసేయండి. డిస్కు ఫైళ్లు తొలగించే ఆప్షన్ మాత్రం పొరపాటున కూడా తగిలించకండి.

అయిందా? సరే, అసలు విషయానికి వద్దాం.

మీరు అడిగిన ఆప్షన్ ఉంది. కానీ మీ పరిస్థితిలో అది పెట్టొద్దంటాను. ఎందుకో తెలియాలంటే ఆ 98 శాతం ఏమిటో తెలియాలి.

మా ఊళ్లో ఎండాకాలం బావి పూడిక తీసేవాళ్లు. పూడిక తీయాలంటే ముందు నీళ్లన్నీ తోడాలి. మోటారు పెట్టి తోడుతూనే ఉంటారు, అడుగు నుంచి ఊట వస్తూనే ఉంటుంది. మోటారు వేగం ఊట కంటే ఎక్కువైతే కాసేపటికి అడుగు కనిపిస్తుంది. ఊటే ఎక్కువైతే పొద్దంతా తోడినా మోకాలి లోతు నీళ్లు అలాగే ఉంటాయి. లైవ్ మైగ్రేషన్ అచ్చం అదే.

డిస్కు ఎన్‌ఎఫ్‌ఎస్ మీద ఉంది కాబట్టి కదలనక్కర్లేదు. కదలాల్సినవి ర్యామ్, సీపీయూ రిజిస్టర్లు, వర్చువల్ నెట్‌వర్క్ కార్డు లాంటి పరికరాల స్థితి. ర్యామ్ తప్ప మిగతావి లెక్కలోకి రావు. ముందు కొత్త సర్వర్‌లో అంతే ర్యామ్‌తో ఒక ఖాళీ క్యూఎము ప్రాసెస్ తయారై ఎదురుచూస్తూ ఉంటుంది. పాత సర్వర్‌లో వీఎం మామూలుగా నడుస్తూనే ఉంటుంది, దాని ర్యామ్ 4 కేబీ పేజీల చొప్పున అటు వెళ్తూ ఉంటుంది. వెళ్లిపోయిన పేజీలో వీఎం మళ్లీ ఏదైనా రాస్తే దానికి డర్టీ అని గుర్తు పడుతుంది. మొదటి రౌండు అయ్యాక రెండో రౌండులో డర్టీ పేజీలు మాత్రమే వెళ్తాయి. ఆ రౌండు జరుగుతుండగా మళ్లీ కొన్ని డర్టీ అవుతాయి, అవి మూడో రౌండులో వెళ్తాయి. ఇలా తిరుగుతూ, మిగిలిన పేజీలు 300 మిల్లీసెకన్లలో పంపేయగలిగినన్ని మాత్రమే ఉన్నప్పుడు క్యూఎము వీఎంను ఆపుతుంది. ఆ మిగిలినదీ, సీపీయూ స్థితీ పంపి, అవతల వీఎంను నడిపిస్తుంది. ఆ 300 అనేది క్యూఎము డిఫాల్ట్, మార్చుకోవచ్చు.

కాబట్టి 'జీరో డౌన్‌టైమ్' అన్నది బ్రోచర్లలో రాసే మాట. ఆగడం ఎప్పుడూ ఉంటుంది, కాకపోతే మనిషికి తెలియనంత చిన్నది. 2005లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ వాళ్లు జెన్ అనే హైపర్‌వైజర్ (వీఎంలను నడిపించే సాఫ్ట్‌వేర్) మీద ఈ పద్ధతి చూపించినప్పుడు, జనం ఆడుతుండగానే ఒక క్వేక్ 3 గేమ్ సర్వర్‌ను తరలించారు. అది ఆగింది 60 మిల్లీసెకన్లు. వీఎంవేర్ కంపెనీ వాళ్ల లైవ్ మైగ్రేషన్ సాధనం వీమోషన్ అంతకు రెండేళ్ల ముందే, 2003లో, మార్కెట్లో ఉంది. ఇరవై ఏళ్లు దాటినా మూల సూత్రం ఇదే.

ఇప్పుడు మీ అంకెలు చూద్దాం. మీరు పెట్టిన డోమ్‌జాబ్ఇన్ఫో (మైగ్రేషన్ వివరాలు చూపే కమాండ్) అవుట్‌పుట్‌లో డర్టీ రేట్ అని ఒక లైను ఉంది, సెకనుకు 41,000 పేజీలు అని. 4 కేబీతో గుణిస్తే సెకనుకు 160 ఎంబీ. అది మీ ఊట. 1 గిగాబిట్ తీగలో ఎంత ముక్కినా వెళ్లేది సెకనుకు 110 ఎంబీ. అది మీ మోటారు. ఇక అది పూర్తయ్యేదెప్పుడు? ముప్పావు గంట కాదు, మూడు రోజులు వదిలేసినా ఆ 95కీ 98కీ మధ్యే తిరుగుతుంది.

పైగా ఆ 110 కూడా మీకు పూర్తిగా దక్కలేదు. వీఎంల డిస్కు ట్రాఫిక్ అంటే ఎన్‌ఎఫ్‌ఎస్ కూడా అదే తీగ మీద ఉంది. లిబ్‌వర్ట్ (కేవీఎం వీఎంలను నిర్వహించే సాఫ్ట్‌వేర్) మైగ్రేషన్ వేగానికి తనంతట తాను పగ్గం వేయదు, దొరికినంతా లాగేస్తుంది. అందుకే మీ పోస్ట్‌గ్రెస్ డిస్కు కోసం ఎదురుచూసింది, మిగతా 13 వీఎంలూ ఎదురుచూశాయి, యూజర్లు ఫోన్లు చేశారు. మైగ్రేషన్ ఫెయిల్ అయిందని మీరు బాధపడుతున్నారు, నాకైతే ఆ ముప్పావు గంటే డౌన్‌టైమ్ అనిపిస్తోంది. మీ మానిటరింగ్‌లో పచ్చ లైటు వెలుగుతున్నంత మాత్రాన సర్వీసు నడుస్తున్నట్టు కాదు కదా. ఒక మంచి విషయం ఏమిటంటే, ఈ పద్ధతిలో మధ్యలో రద్దు చేసినా పాత చోట వీఎం చెక్కుచెదరకుండా ఉంటుంది. మీరు రద్దు చేసి తప్పేమీ చేయలేదు.

ఊట గురించి ఇంకో మాట, చాలామందికి తెలియనిది. ర్యామ్ డర్టీ అవడమంటే డేటాబేస్‌లో ఇన్సర్ట్‌లు, అప్‌డేట్‌లు జరగడమే అనుకుంటారు. వీఎం తన డిస్కు నుంచి చదివినా ర్యామ్ డర్టీ అవుతుంది, ఎందుకంటే చదివిన డేటా వచ్చి పడేది వీఎం ర్యామ్‌లోని పేజ్ క్యాష్‌లోకే. మనం ట్రాఫిక్ ఉండదని రాత్రి ఒంటిగంటకు మైగ్రేషన్ పెట్టుకుంటాం. సరిగ్గా అప్పుడే క్రాన్‌లో (వేళకు పనులు నడిపించేది) పీజీ డంప్, అంటే పోస్ట్‌గ్రెస్ బ్యాకప్, లేస్తుంది, టేబుళ్లన్నీ ఒక్కొక్కటిగా చదువుతుంది. పగలు ఉన్న ఊట కంటే రాత్రి ఊట ఎక్కువగా కనిపిస్తుంది, ఎందుకో అర్థం కాదు. నేను ఇలా రెండు రాత్రులు పోగొట్టుకున్నాక మూడో రాత్రి క్రాన్‌ట్యాబ్ తెరిచి చూశాను. బ్యాకప్, వాక్యూమ్, రిపోర్టు జాబ్‌లు, యాంటీవైరస్ స్కాన్ ఇవన్నీ ఆ గంటసేపు ఆపండి.

ఇదంతా మైగ్రేషన్ మొదలుపెట్టకముందే కొలవచ్చు. కొంచెం కొత్త లిబ్‌వర్ట్‌లో డోమ్‌డర్టీరేట్-కాల్క్ అనే కమాండ్ ఉంది. ఒక సెకనో రెండు సెకన్లో వీఎంను గమనించి ఊట ఎంతో లెక్కగడుతుంది, ఫలితం డోమ్‌స్టాట్స్‌లో కనిపిస్తుంది. పగలు రెండుసార్లు, రాత్రి రెండుసార్లు నడిపితే మీకు ఏ గంట మంచిదో పంచాంగం అక్కర్లేకుండా తెలిసిపోతుంది.

ఇక ఆప్షన్ల సంగతి.

మీరు విన్నది బహుశా ఆటో-కన్వర్జ్ గురించి అయి ఉంటుంది. మోటారు పెంచలేనప్పుడు ఊటను నొక్కిపెట్టే పద్ధతి అది. మైగ్రేషన్ ముగిసేలా లేదని క్యూఎముకు అనిపిస్తే వీఎం సీపీయూ సమయంలో 20 శాతం కోస్తుంది. అయినా సరిపోకపోతే 10 శాతం చొప్పున కోత పెంచుకుంటూ పోతుంది, 99 శాతం దాకా. మీ ఊట 160, మోటారు 110 కాబట్టి చిన్న కోతతో పని కాదు. డేటాబేస్‌కు సగానికి పైగా సీపీయూ కోసేస్తే కనెక్షన్లు పేరుకుపోతాయి, అప్లికేషన్ టైమౌట్‌లు మొదలవుతాయి, అవన్నీ మళ్లీ ప్రయత్నిస్తాయి, దాంతో లోడు ఇంకా పెరుగుతుంది. చిన్న వెబ్ సర్వర్‌కు ఇది బాగానే పనిచేస్తుంది, డేటాబేస్‌కు పెట్టి నేను సుఖపడిన రోజు లేదు. మీరు వీఎంవేర్ వాళ్లను చూసి 'వాళ్లకు ఈ బాధ లేదు' అన్నారు. వీస్ఫియర్ 5 నుంచి వాళ్లూ ఇదే పని చేస్తున్నారు, వీఎం మరీ వేగంగా రాస్తుంటే దాని సీపీయూను చడీచప్పుడు లేకుండా నెమ్మదింపజేస్తారు. ఆప్షన్ అడగరు కాబట్టి మనకు తెలియదు, అంతే.

రెండోది పోస్ట్-కాపీ. ఇందులో ముందే వీఎంను అవతలికి మార్చేసి అక్కడ నడిపిస్తారు, ర్యామ్ వెనక నుంచి వస్తుంది. ఇంకా రాని పేజీని వీఎం తాకితే, ఆ పేజీ పాత సర్వర్ నుంచి వచ్చేదాకా ఆ సీపీయూ ఆగుతుంది. లినక్స్ 4.3 కెర్నెల్‌లో యూజర్‌ఫాల్ట్ఎఫ్‌డీ అనే సదుపాయం వచ్చాక కేవీఎంలో ఇది సాధ్యమైంది. ఊట ఎంతున్నా ఇది ముగిసి తీరుతుంది, ఒక్కో పేజీ ఒక్కసారే ప్రయాణిస్తుంది కాబట్టి. ఇబ్బంది ఏమిటంటే సగం ర్యామ్ ఇక్కడ, సగం అక్కడ ఉన్నప్పుడు తీగ ఊడితే వీఎం ఆగిపోతుంది, పాత సర్వర్ పడిపోతే రెండు చోట్లా దక్కదు. మీ పాత సర్వర్‌లో ర్యామ్ స్టిక్ చెడిపోతోందని మీరే చెప్పారు. అలాంటి మెషీన్ మీద పోస్ట్-కాపీ పెట్టడం పగిలిన కుండను నెత్తిన పెట్టుకుని వాగు దాటడమే.

మూడోది ఎవరూ పట్టించుకోనిది, నాకు మాత్రం ఇష్టమైనది. ఆ 300 మిల్లీసెకన్ల పరిమితి పెంచడం. లెక్క చూడండి. 64 జీబీలో 98 శాతం అయిందంటే మిగిలింది 1.3 జీబీ దాకా. దాన్ని 110తో భాగిస్తే 12 సెకన్లు. 95 దగ్గర అయితే మిగిలింది 3.2 జీబీ, అంటే 29 సెకన్లు. పరిమితిని 15 సెకన్లు చేస్తే 98 తాకిన క్షణంలో వీఎం ఆగి, 12 సెకన్లలో అవతల లేచేది. విర్ష్‌లో (లిబ్‌వర్ట్‌కు కమాండ్లు ఇచ్చే సాధనం) మైగ్రేట్-సెట్‌మ్యాక్స్‌డౌన్‌టైమ్ అని ఉంటుంది, మైగ్రేషన్ నడుస్తుండగానే ఇవ్వచ్చు. ఆ రోజు ముప్పావు గంట నత్తనడక బదులు 12 సెకన్ల గడ్డకట్టుడు. చాలా టీసీపీ కనెక్షన్లు 12 సెకన్లు తట్టుకుంటాయి, పోయిన ప్యాకెట్లను మళ్లీ పంపుకుంటాయి. వీఎం దృష్టిలో అసలు ఆగడమే జరగలేదు, గడియారం మాత్రం కొన్ని సెకన్లు వెనకబడవచ్చు. లోపల క్రోనీ (గడియారం సరిదిద్దే ప్రోగ్రామ్) నడుస్తుంటే సర్దుకుంటుంది. ఆ వీఎం ఏదైనా క్లస్టర్‌లో (ఒక జట్టుగా పనిచేసే మెషీన్ల గుంపు) సభ్యురాలైతే మాత్రం ఇలా చేయొద్దు, ఒకటి నుంచి మూడు సెకన్లు పలకకపోతే పక్కవాళ్లు చచ్చిపోయిందనుకునే సెట్టింగులు చాలా ఉంటాయి.

నాలుగోది పెద్ద మోటారు, నేను మీకు సిఫారసు చేసేది అదే. రెండు సర్వర్లలో ఒక్కో 10 గిగాబిట్ కార్డు పెట్టి, మధ్యలో స్విచ్ లేకుండా నేరుగా ఒక డ్యాక్ కేబుల్ (రెండు కార్డులను నేరుగా కలిపే రాగి కేబుల్) బిగించండి. స్విచ్ మార్చే ఖర్చుతో పోలిస్తే ఇది చిల్లర. అప్పుడు మోటారు సెకనుకు 1.1 జీబీ. మొదటి రౌండు 64 జీబీకి 58 సెకన్లు. ఆ 58 సెకన్లలో 160 ఎంబీ చొప్పున ఊరేది మహా అయితే 9.3 జీబీ, అది పోవడానికి 8.5 సెకన్లు. ఆలోపు 1.4 జీబీ ఊరుతుంది, ఒకటింపావు సెకను. ఆ తర్వాత మిగిలేది 200 ఎంబీ, అది 300 మిల్లీసెకన్లలో పట్టేస్తుంది. మొత్తం 70 సెకన్లలో పని ముగుస్తుంది. ఊట అదే, వీఎం అదే, ఏ ఆప్షనూ పెట్టలేదు. ఎన్‌ఎఫ్‌ఎస్ తీగ ఖాళీగా ఉంటుంది కాబట్టి యూజర్లకూ తెలియదు.

ఇక్కడ అందరూ పడే గుంట ఒకటి ఉంది. కేబుల్ వేశారు, రెండు వైపులా 10.10.10.1, 10.10.10.2 అని ఐపీలు ఇచ్చారు, మైగ్రేట్ కమాండ్‌లో 10.10.10.2 అనే రాశారు. అయినా వేగం పాత 110 ఎంబీనే. ఎందుకంటే ఆ అడ్రసు లిబ్‌వర్ట్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి మాత్రమే. ర్యామ్ ఏ దారిన రావాలో అవతలి లిబ్‌వర్ట్ తన హోస్ట్‌నేమ్ చూసి చెబుతుంది, ఆ హోస్ట్‌నేమ్ మీ ఆఫీసు నెట్‌వర్క్ ఐపీకి తిరుగుతుంది. నేను మొదటిసారి కొత్త కార్డు మీద కౌంటర్లు చూస్తే కొన్ని కేబీలు దాటలేదు, కార్డు పాడైందని ఇంకో కార్డు కూడా మార్చాను! మైగ్రేట్ కమాండ్‌లో మైగ్రేట్-యూఆర్ఐ అని విడిగా ఒకటి ఇవ్వాలి, టీసీపీ అని మొదలుపెట్టి 10.10.10.2 రాసి. ఫైర్‌వాల్‌లో 49152 నుంచి 49215 దాకా పోర్టులు తెరవాలి. ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 9000 పెడితే రెండు వైపులా పెట్టండి, ఒకవైపే పెడితే దాని లాభం దక్కదు. నేరు కేబుల్‌తో ఇంకో లాభం ఉంది. ర్యామ్ ఎన్‌క్రిప్షన్ లేకుండా వెళ్తుంది, అందులో పాస్‌వర్డులు, కీలు అన్నీ ఉంటాయి. ఆఫీసు స్విచ్ మీదుగా అలా పంపడం నాకు నచ్చదు. టీఎల్‌ఎస్ (ఎన్‌క్రిప్షన్) పెట్టుకోవచ్చు. ఎస్‌ఎస్‌హెచ్ సొరంగంలోంచి పంపే పద్ధతీ ఉంది కానీ అది 10 గిగాబిట్‌ను ఎడ్ల బండి చేస్తుంది.

వేగం సంగతి ఇంతటితో వదిలేస్తాను. మీరు అడగలేదు కానీ వెనక్కి వచ్చేటప్పుడు తప్పకుండా తగిలేది ఒకటుంది, సీపీయూ.

పాత సర్వర్ స్కైలేక్ జియాన్, కొత్తది ఐస్‌లేక్ అన్నారు. పాతదాన్నుంచి కొత్తదానికి వెళ్లడం తేలిక, పాత సీపీయూలో ఉన్నవి దాదాపు అన్నీ కొత్తదాంట్లో ఉంటాయి. మీ ఎక్స్ఎంఎల్‌లో సీపీయూ మోడ్ హోస్ట్-మోడల్ అని ఉంది. ఇది వీఎం మొదలైన క్షణంలో ఆ సర్వర్‌లో ఏ సీపీయూ ఉందో చూసి దాన్నే పట్టుకుంటుంది. నడుస్తూ వెళ్లిన వీఎం స్కైలేక్ అనుకుంటూనే ఉంటుంది కాబట్టి వెనక్కి రాగలదు. ఈ వారంలో ఎవరైనా కెర్నెల్ అప్‌డేట్ అనో ఇంకేదో అనో కొత్త సర్వర్‌లో ఒక వీఎంను షట్‌డౌన్ చేసి స్టార్ట్ చేశారనుకోండి, నిర్వచనంలో హోస్ట్-మోడల్ అనే ఉంటే అది ఐస్‌లేక్ వీఎం అయిపోతుంది. ఇక నడుస్తూ పాత సర్వర్‌కు రాలేదు. అత్తారింటికి వెళ్లి అక్కడి అలవాట్లు పట్టుకున్నట్టే. లోపలి నుంచి రీబూట్ కొడితే సాధారణంగా ఏమీ కాదు, క్యూఎము ప్రాసెస్ అదే ఉంటుంది కాబట్టి. దీనికి మందు రెండు సర్వర్లకూ సరిపోయే ఒక సీపీయూ మోడల్‌ను పేరు పెట్టి రాయడం. హైపర్‌వైజర్-సీపీయూ-బేస్‌లైన్ కమాండ్‌కు రెండు సర్వర్ల వివరాలూ ఇస్తే అదే తేల్చి చెబుతుంది. కానీ అది అమల్లోకి రావాలంటే వీఎం ఒకసారి పూర్తిగా ఆగి లేవాలి. హోస్ట్-పాస్‌త్రూ (సర్వర్ సీపీయూను ఉన్నదున్నట్టు వీఎంకు చూపించడం) పెట్టుకున్న వీఎం ఏదైనా ఉంటే వేరు వేరు సీపీయూల మధ్య అసలు కదపకండి. ఇంటెల్ నుంచి ఏఎండీకి లైవ్‌గా వెళ్లాలనే ఆశ కూడా వదిలేయండి.

సీపీయూ ఒకటే మోడల్ అయినా ఒకోసారి కుదరదంటుంది. బయోస్ అప్‌డేట్ ఒకదానికి చేసి ఇంకోదానికి చేయకపోతే మైక్రోకోడ్ తేడా వస్తుంది. ఇంటెల్ భద్రతా సవరణల్లో హెచ్‌ఎల్‌ఈ, ఆర్‌టీఎం అనే ఫీచర్లు ఆగిపోయిన సర్వర్లు చాలా ఉన్నాయి, ఎర్రర్‌లో ఆ పేర్లు కనిపిస్తే కారణం అదే. అలాగే క్యూఎము వెర్షన్ కూడా. పాతదాన్నుంచి కొత్తదానికి సరే, కొత్త వెర్షన్‌లో పుట్టిన మెషీన్ టైప్ (వీఎంకు చూపించే హార్డ్‌వేర్ నమూనా) పాత వెర్షన్‌కు అర్థం కాదు. ర్యామ్ మార్చేటప్పుడు పాత సర్వర్‌లో ఆ ప్యాకేజీలు కూడా అప్‌డేట్ చేసేయండి, ఎలాగూ ఖాళీగా ఉంటుంది.

నెట్‌వర్క్ వైపు ఒక్కటే చెబుతాను. వీఎం అవతల లేవగానే క్యూఎము 'ఈ మ్యాక్ అడ్రసు ఇప్పుడు ఇక్కడ' అని కొన్ని ఆర్‌ఏఆర్‌పీ ప్యాకెట్లు వదులుతుంది, స్విచ్ తన పట్టిక మార్చుకుంటుంది. అంతా సజావుగా జరుగుతుంది, ఆ వీఎం వీల్యాన్ (స్విచ్‌లో విడిగా చేసిన నెట్‌వర్క్) కొత్త సర్వర్ ఉన్న స్విచ్ పోర్టులో అనుమతించి ఉంటే. లేకపోతే మైగ్రేషన్ 100 శాతం, విజయవంతం, వీఎం మాత్రం ప్రపంచానికి కనిపించదు. కన్సోల్‌లోకి వెళ్తే లోపల హాయిగా నడుస్తూ ఉంటుంది. మీ 13 వెళ్లాయి కాబట్టి ఆ వీల్యాన్లు ఓకే. డేటాబేస్ వీల్యాన్ వేరే అన్నారు, అందులో ఒక చిన్న ఉత్తుత్తి వీఎం, 512 ఎంబీ ర్యామ్‌ది, పెట్టి ముందు దాన్ని పంపండి. సెకనుకు పదిసార్లు పింగ్ పెట్టి చూడండి. రెండు మూడు పోతే పర్వాలేదు. పోతూనే ఉంటే స్విచ్ చూసే అతనికి ఫోన్ చేయండి.

సీడీ డ్రైవ్‌లో పాత ఐఎస్‌ఓ ఫైల్ తగిలించి మర్చిపోయిన వీఎంలు, యూఎస్‌బీ డాంగిల్ ఇచ్చినవి, పీసీఐ కార్డు నేరుగా ఇచ్చినవి కదలవు. మొదటిది తీసేస్తే సరి, మిగతా రెండూ ఆపి మార్చాల్సిందే. డిస్కు క్యాష్ మోడ్ 'నన్' కాకపోతే లిబ్‌వర్ట్ అన్‌సేఫ్ అని ఆపవచ్చు. అప్పుడు అన్‌సేఫ్ అనే ఆప్షన్ పెట్టి దాటేయమని ఇంటర్నెట్‌లో సలహాలు కనిపిస్తాయి. పాత సర్వర్ క్యాష్‌లో ఉండిపోయిన డేటాను కొత్త సర్వర్ చూడకుండా ముందుకు పోవడం దాని అర్థం. డేటాబేస్ విషయంలో అలాంటి ధైర్యం వద్దు.

మీరు చివర్లో 'మూడో సర్వర్ కొని ప్రాక్స్‌మాక్స్ క్లస్టర్ పెడదామనుకుంటున్నాం, అప్పుడు ఈ తలనొప్పి ఉండదు కదా' అన్నారు. దానికి నా అనుభవం ఒకటి చెప్పాలి. ఇంతకుముందు పనిచేసిన చోట మూడు సర్వర్ల ప్రాక్స్‌మాక్స్ (కేవీఎం సర్వర్లను కలిపి నిర్వహించే సాఫ్ట్‌వేర్) క్లస్టర్ ఉండేది, హెచ్‌ఏ (ఒక సర్వర్ పడితే దాని వీఎంలను ఇంకోదానిలో లేపే ఏర్పాటు) ఆన్ చేసి ఉంది. క్లస్టర్‌లో ఎవరు బతికున్నారో చెప్పుకునే కోరోసింక్, మైగ్రేషన్, రెండూ ఒకే 1 గిగాబిట్ తీగ మీద. పెట్టింది నేనే, ఎవరినీ అనడానికి లేదు. ఒక రాత్రి 48 జీబీ వీఎం ఒకదాన్ని కదిపాను, రీస్టార్ట్ తప్పిద్దామని. తీగ నిండిపోయింది, కోరోసింక్ ప్యాకెట్లు ఆలస్యమయ్యాయి, ఆ సర్వర్ కోరం (మెజారిటీతో సంబంధం) కోల్పోయింది. హెచ్‌ఏ ఉన్న సర్వర్ కోరం లేకుండా నిమిషం గడిస్తే వాచ్‌డాగ్ అనే కాపలా టైమర్ దాన్ని రీసెట్ చేస్తుంది, అదే దాని ధర్మం. నేను కదుపుతున్న వీఎంతో పాటు దాని మీద ఉన్న మిగతా 20 పైచిలుకు వీఎంలూ టపామని ఆరిపోయాయి. నా ముందున్న స్క్రీన్‌లో ప్రోగ్రెస్ 61 శాతం దగ్గర నిలబడి ఉంది. ఫోన్ మోగడానికి నాలుగు నిమిషాలు పట్టింది, ఆ నాలుగు నిమిషాల టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. తర్వాత డేటాసెంటర్ సెట్టింగుల్లో మైగ్రేషన్‌కు విడి నెట్‌వర్క్ ఇచ్చాం, కోరోసింక్‌కు సొంత తీగ వేశాం, వేగానికి పగ్గం కూడా పెట్టాం. క్లస్టర్ కొనండి, కానీ తీగలతో పాటు కొనండి.

ఇక ఈ ఆదివారం మీరేం చేయాలి? ఈలోపు కార్డులు దొరికితే 10 గిగాబిట్ దారి. దొరకకపోతే, ఈసీసీ ఎర్రర్లు పెరుగుతున్నాయి కాబట్టి వాటి కోసం ఆగొద్దు. కొత్త సర్వర్‌లో ఇంకో పోస్ట్‌గ్రెస్ వీఎం పెట్టి స్ట్రీమింగ్ రెప్లికా (ఎప్పటికప్పుడు మార్పులు అందుకునే నకలు) చేయండి, అది దీనితో సమానంగా వచ్చాక అప్లికేషన్‌ను ఒక్క క్షణం ఆపి, పాతదాన్ని సరిగ్గా షట్‌డౌన్ చేసి, రెప్లికాను ప్రమోట్ చేసి (అసలు డేటాబేస్‌గా మార్చి), ఐపీ మార్చండి. అభ్యాసం చేసుకుంటే అర నిమిషం పని. కొంచెం ముందుచూపు ఉన్నవాళ్లెవరూ డేటాబేస్‌ను ర్యామ్‌తో సహా మోయరు, దాని సొంత రెప్లికేషన్‌కే ఆ పని అప్పగిస్తారు. అంత తీరిక కూడా లేకపోతే పై అధికారిని అడిగి ఆదివారం ఉదయం ఐదింటికి ఐదు నిమిషాల అనుమతి తీసుకోండి, వీఎం ఆపి అటువైపు లేపండి. అడగడానికి మొహమాటపడి ముప్పావు గంట అందరినీ ఇబ్బంది పెట్టడం కంటే అది నయం. ఎలాగూ ఆపుతున్నారు కాబట్టి ఆ ఐదు నిమిషాల్లోనే సీపీయూ మోడల్ లైను కూడా మార్చేయండి.

ర్యామ్ స్టిక్ మార్చాక వీఎంలను వెంటనే వెనక్కి తేకండి. ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్ (ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రామ్) నడవనివ్వండి. ఈలోగా రాత్రి రెండింటికి, పగలు పదకొండింటికి ఆ డర్టీ రేట్ కొలిచి అంకెలు ఇక్కడ పెట్టండి, క్రాన్‌ట్యాబ్‌లో ఏమేం ఉన్నాయో కూడా. పరిమితి 15 సెకన్లు పెట్టాలా 5 చాలా అన్నది అవి చూసి చెబుతాను.